శిబిరంలో గోల

ఆ పిల్లకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు మాత్రం గోల. పెట్టింది వాళ్ళమ్మే. ఆ పిల్ల తలుపు వేస్తే గోడమీది పటాలు ఊగేవి. కుర్చీ జరిపితే కింది అంతస్తు వాళ్ళు తలెత్తి పైకప్పు వంక చూసేవాళ్ళు. గిన్నెలు కడిగితే పక్కింట్లో పడుకున్న పసివాడు ఉలిక్కిపడి లేచేవాడు. చప్పుడంటే ఏమిటో తెలియని పిల్ల చేసే చప్పుడుకి అంతుండేది కాదు. "దీనికి ఊళ్ళోవాళ్ళ మాట ఒక్కటీ వినపడదు గానీ, దీని గోల మాత్రం ఊరంతటికీ వినపడుతుంది" అని వాళ్ళమ్మ సగం విసుగ్గా, సగం మురిపెంగా అనేది. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. కాస్త పెద్దయ్యాక దాని అర్థం తెలిసి ఆ పిల్ల అలగలేదు సరికదా, కొత్త గౌను తొడుక్కున్నట్టు మురిసిపోయింది.

వాళ్ళ నాన్న వడ్రంగి. వీధి చివర రేకుల షెడ్డులో ఆయన పని. బడి నుంచి రాగానే గోల సంచీ ఇంట్లో గిరాటేసి అక్కడికే పరుగెత్తేది. పని బల్ల మీద అరచెయ్యి ఆనించి, గోడవైపు తిరిగి నిలబడి, వెనక నాన్న ఏం చేస్తున్నాడో చెప్పేది. ఇప్పుడు రంపం, ఇప్పుడు చిత్రిక, ఇప్పుడు మేకు వంకరపోయింది, ఇప్పుడు నాన్నకి కోపమొచ్చింది. కూతురి కోసం ఆయన సైగల భాష నేర్చుకున్నాడు. బాగానే నేర్చుకున్నాడు గానీ, ఎప్పుడో కోత మిషన్‌లో చూపుడువేలు సగం పోయిన మనిషి కావడంతో, ఆ వేలితో చెప్పాల్సిన మాటలన్నీ అరకొరగా వచ్చేవి. బడిలో ఆమె స్నేహితులు ఆయన సైగలు అర్థంగాక తెల్లమొహం వేస్తే, "ఏమనుకోకండి, మా నాన్న చేతులకి నత్తి" అని చెప్పేది గోల. ఆ మాటకి అందరికంటే ముందు పగలబడి నవ్వేది ఆయనే.

గోల చదివింది వినపడని పిల్లల బడిలో. అక్కడ పెద్ద అల్లరిదీ ఆమే, పంచాయితీ పెద్దా ఆమే. ఎవరు ఎవరితో జుట్లు పట్టుకున్నా ఆఖరికి తగువు ఆమె దగ్గరికే వచ్చేది. ఆటస్థలంలో ఏ జట్టు ఎప్పుడు ఆడాలో, చిన్న పిల్లల బంతి లాక్కున్న పెద్ద పిల్లల్ని ఏం చెయ్యాలో ఆమె తేల్చిందంటే తిరుగుండేది కాదు. వాళ్ళకి పాఠాలు చెప్పే టీచరమ్మ వరండాలో నిలబడి ఇదంతా గమనిస్తూ ఉండేది.

ఆ ఊళ్ళో బడులన్నిటి నుంచీ పెద్ద తరగతుల పిల్లల్ని పోగేసి, ఏటా సెలవుల్లో యువ నాయకత్వ శిబిరం అని ఒకటి నడిపేవారు. ఈ బడిని ఒక్క ఏడూ పిలవలేదు. ఒకరోజు టీచరమ్మ ఉండబట్టలేక, శిబిరం నడిపే పెద్దసారు ఇంటికి తిన్నగా వెళ్ళి అడిగేసింది.

పెద్దసారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

"పిలవకూడదని కాదమ్మా" అన్నాడు ఇబ్బందిగా కదులుతూ. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. మాకూ తట్టలేదు."

"ఇప్పుడు నేనడిగానుగా సార్."

"అడిగావు. ఇంక కాదంటే నాకు అన్నం సయించదు. తీసుకురా. కానీ వాళ్ళకేం కావాలో నాకు బొత్తిగా తెలీదు, ముందే చెప్తున్నా."

"వాళ్ళు చెప్తారు లెండి" అంది టీచరమ్మ. వస్తున్న నవ్వు దాచుకోవడానికి ఆవిడ తల వంచుకోవాల్సి వచ్చింది. అప్పటికే ఆవిడ మనసులో గోల ఉంది.

ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు, మొత్తం నలుగురు వెళ్ళడానికి కుదిరింది. వాళ్ళ సైగల్ని పైకి చెప్పడానికి టీచరమ్మ తోడు. గోల వాళ్ళమ్మ మాత్రం ససేమిరా అంది.

"అక్కడ అందరూ గలగలా మాట్లాడుకుంటుంటే నువ్వు వాళ్ళ మూతుల వంక చూస్తూ కూర్చోవాలి. ఎందుకే నీకీ తిప్పలు?" అంది చేతులు తిప్పుతూ.

"నువ్వూ, పిన్నీ, అత్తయ్యా కలిస్తే మనింట్లో జరిగేదీ అదేగా" అంది గోల. "మీ మూతులు చూసీ చూసీ ఆ విద్యలో ఆరితేరిపోయా."

చొక్కా మీది చెక్కపొట్టు దులుపుకుంటూ నాన్న కల్పించుకున్నాడు. "వెళ్ళనీవే. పడితే అక్కడివాళ్ళు పడతారు. ఇన్నేళ్ళూ మనం పడలా?"

మర్నాడు గోల పెట్టె సర్దింది వాళ్ళమ్మే. సర్దుతూ సర్దుతూ మధ్యలో రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది.

శిబిరం జరిగేది ఊరికి అవతల, గుట్ట పక్కనున్న పాత హాస్టల్లో. ఆ ఆవరణ మధ్యలోంచి ఒక వాగు పారుతుంది. ఇవతలి ఒడ్డున పడక గదులు, మైదానం. అవతల వంటశాల, భోజనాల హాలు, సభలు జరిగే పెద్ద హాలు. మధ్యలో చెక్క వంతెన. లేవడానికి ఒక విజిల్, వరసలో నిలబడడానికి రెండు, తిండికి పొడుగాటిది ఇంకొకటి. ఒక్కముక్కలో చెప్పాలంటే శిబిరమంతా పెద్దసారు బుగ్గల్లోంచి నడిచేది. మొదటి సాయంత్రానికే గోల ఆయనకి సైగల్లో పేరు పెట్టేసింది. రెండు బుగ్గలూ పూరించి, వేలితో ఒకటి పొడిస్తే ఆయన.

ఆ మొదటి సాయంత్రమే పెద్ద హాల్లో పరిచయాలు జరిగాయి. ఒక్కొక్కరూ లేచి తమ సంగతి రెండు ముక్కలు చెప్పాలి. ఒకడు ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెనట, ఒకమ్మాయి పాటలు పాడుతుందట. వాళ్ళకి అక్కడా ఇక్కడా నాలుగు చప్పట్లు పడ్డాయి. గోల వంతు వచ్చింది. లేచి, తన పేరు, బడి పేరు చెప్పి కూర్చోబోయింది. టీచరమ్మ ఆ ముక్క పైకి చెప్పీ చెప్పకముందే హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు మొదలెట్టింది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంటోంది.

గోల బిత్తరపోయి చూసింది. "ఎందుకు కొడుతున్నారు?" అని టీచరమ్మని అడిగింది.

"నిన్ను మెచ్చుకుంటున్నారు."

"నేను చేసింది లేచి నిలబడడమేగా!"

మర్నాడు ఆటల్లో ఇంకా అన్యాయం. తాడు లాగుడు పోటీ పెట్టి, ఈ నలుగుర్నీ నీడలో కుర్చీల మీద కూర్చోబెట్టారు. ఎండలో అలిసిపోతారట. ఆట అయ్యాక ప్రత్యేక బహుమతి అంటూ నలుగురి మెడలోనూ రంగు రిబ్బన్లు వేశారు. మిగతా ముగ్గురూ మొహమాటంగా నవ్వారు. గోల తన రిబ్బను తీసి, నలుగురూ చూస్తుండగా తిన్నగా వెళ్ళి పెద్దసారు చేతిలో పెట్టింది. టీచరమ్మ పరుగున వచ్చి పక్కన నిలబడింది.

"ఇది మాకెందుకిచ్చారు సార్?"

"మీ ధైర్యానికమ్మా" అన్నాడాయన, నోరు సాగదీసి, వీలైనంత గట్టిగా.

"కుర్చీలో కూర్చోడానికి ధైర్యమెందుకు? మమ్మల్ని ఆటలో పెట్టండి. ఓడిపోతే నవ్వండి. గెలిస్తేనే ఇవ్వండి."

పెద్దసారు మొహం కందిపోయింది. కోప్పడతాడేమోనని టీచరమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఆయన మాత్రం రిబ్బను జేబులో పెట్టుకుని, "తప్పే. ఇంకేం కావాలో చెప్పు" అన్నాడు, ఈసారి మామూలు గొంతుతో.

"మా అమ్మాయిలిద్దర్నీ ఒక గదిలో, అబ్బాయిల్ని ఒక గదిలో పెట్టారు. విడదీసి అందరితో కలిపెయ్యండి."

"అలాగైతే నేనెన్ని చోట్ల ఉండగలనే?" అంది టీచరమ్మ కంగారుగా.

"మీరు ఉండొద్దు టీచర్. మీరుంటే వాళ్ళు మీతోనే మాట్లాడతారు, నాతో మాట్లాడరు."

అలా గోల మకాం ఇంకో గదికి మారింది. అక్కడ ఆమెకి పక్క మంచం అమ్మాయి దొరికింది. ఆ పిల్ల నోరు తెరిచిందంటే మూయించడం ఎవరి తరమూ కాదు. శిబిరంలో అందరూ ఆమెని వాగుడుకాయ అనేవాళ్ళు. గోలకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పళ్ళు తోముకుంటూ కూడా ఆ పెదాలు ఆడుతూనే ఉండేవి మరి.

వాగుడుకాయకి శిబిరంలో ఒకటే శిక్ష. మధ్యాహ్నం భోజనం అయ్యాక మౌనం గంట అని ఒకటుంది. ఎవరి మంచం మీద వాళ్ళు ఉండాలి, పుస్తకం చదువుకోవచ్చు, పెదవి విప్పకూడదు. పెద్దసారు వసారాలో పచార్లు చేస్తూ కాపలా కాసేవాడు. ఆ గంటలో ఆ పిల్ల ఒడ్డున పడ్డ చేపలా గిలగిల్లాడిపోయేది. అలా గిలగిల్లాడుతూ ఒకరోజు పక్కకి చూస్తే, గోల కిటికీలో కూర్చుని చేతులాడిస్తోంది. ఎదురు వరస గదుల కిటికీలోంచి గోల బడి నుంచి వచ్చిన పిల్ల చేతులాడిస్తోంది. ఇద్దరూ ఏదో చెప్పుకుని పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పెద్దసారు వాళ్ళ మధ్యలోంచే నడుచుకుంటూ పోయాడు, ఒక్క మాటా అనలేదు. అనడానికి అక్కడ చప్పుడే లేదు.

వాగుడుకాయ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. కాగితం ముక్క మీద గీకి గోల ఒళ్ళోకి విసిరింది: "నాకూ నేర్పు. లేకపోతే పేలిపోతా."

గోల నేర్పింది. ముందు పేర్లు. నోటి పక్కన పిట్ట ముక్కులా వేళ్ళు టపటపా కొడితే వాగుడుకాయ. తర్వాత ఆకలి, నిద్ర, బోరు, ఎవరు బాగున్నారు, ఎవరు బాగోలేరు. నోటిని కట్టేస్తే ఆ పిల్ల తెలివంతా చేతుల్లోకి దిగింది. ఒక గదినుంచి ఇంకో గదికి, అమ్మాయిల వరస నుంచి అబ్బాయిల వరసకి ఈ జాడ్యం పాకింది. సైగల్లో పేరు పెట్టించుకోడానికి భోజనాల హాల్లో గోల ముందు వరస కట్టేవాళ్ళు. నోటినిండా ముద్ద పెట్టుకుని కూడా ఆ మూల బల్ల నుంచి ఈ మూల బల్లకి కబుర్లాడుకోవచ్చని తెలిశాక ఇంక వాళ్ళని ఆపేవాళ్ళు లేకపోయారు.

"ఈ ఏడు పిల్లలు ఎంత బుద్ధిమంతులమ్మా" అన్నాడు పెద్దసారు ఒక మధ్యాహ్నం, టీచరమ్మతో. "మౌనం గంటలో పిట్ట కూడా కూయడం లేదు."

ఆయన వెనక అన్ని కిటికీల్లోనూ చేతులు విసనకర్రల్లా ఆడుతున్నాయి. ఒక కిటికీలోంచి ఇంకో కిటికీకి అప్పుడే రెండు బుగ్గలూ పూరించి ఒక పొడుపు వెళ్ళింది. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అవును సార్, చాలా బుద్ధిమంతులు" అంది.

దీనికంతటికీ దూరంగా ఉన్నది ఒక్కడే. ఆ ఫుట్‌బాల్ కెప్టెన్. మనిషి మంచి ఆటగాడు, అందగాడు, ఆ రెండు సంగతులూ వాడికి బాగా తెలుసు. తనకి బంతి తన్నే సైగతో పేరు పెడుతుందనుకుంటే, గోల నుదుటి మీద జుట్టు ఎగరేసుకునే సైగ పెట్టింది. హాలంతా గొల్లుమంది. అప్పటి నుంచీ వాడు అందరి చేతుల్లోనూ జుట్టుగాడే. "ఈ చేతుల గొడవ నాకెందుకు? ఏదన్నా చెప్పాలంటే వాళ్ళ టీచరమ్మ ఉందిగా" అని మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు.

శిబిరం ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా వాన పట్టుకుంది. మధ్యాహ్నం మొదలై రాత్రంతా దంచింది. పడక గదుల్లో ఒకటి రెండు కురిస్తే, జుట్టుగాడినీ మరికొందరు అబ్బాయిల్నీ అవతలి ఒడ్డుకి, సభ హాల్లో పడుకోమని పంపారు. వాళ్ళని సాగనంపి వస్తూ టీచరమ్మ బురదలో జారిపడింది. కుడి మణికట్టు బెణికి బుడగలా వాచింది. కట్టు కట్టి చెయ్యి మెడకి వేలాడదీశారు. ఎడం చేత్తో సైగ చేయబోయి, సగం మాటలు గాల్లోనే ఆగిపోతుంటే, ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తెల్లవారేసరికి వంతెన లేదు. రాతి దిమ్మలు మాత్రం నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వాటిమీది చెక్కలన్నీ కొట్టుకుపోయాయి. వాగు ఎర్రగా, నురగలు కక్కుతూ పోతోంది. ఇవతల శిబిరమంతా ఖాళీ కడుపులతో నిలబడి ఉంది. అవతల వంటవాళ్ళు ఆవిర్లు కక్కే గిన్నెల పక్కన నిలబడి ఉన్నారు. ముగింపు రోజు వేదిక కోసం తెప్పించిన పొడుగాటి దుంగలూ చెక్కలూ కూడా అవతలే ఉన్నాయి, జుట్టుగాడూ వాడి జట్టూ ఉన్న వైపు.

పెద్దసారు విజిల్ ఊదాడు. వాగు హోరులో అది ఎవరికీ అందలేదు. రెండు చేతులూ నోటికి దొప్పలా పెట్టి అరిచాడు. అవతల జుట్టుగాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఏంటన్నట్టు తల ఎగరేశాడు. తర్వాత వాడూ ఏదో అరిచాడు. ఇటు అందరూ ఏంటన్నట్టు తలలు ఎగరేశారు. ఇలా కాసేపు సాగింది. ఒక ఒడ్డు మీద తెరిచిన నోళ్ళు, ఇంకో ఒడ్డు మీద తెరిచిన నోళ్ళు. గోల ముందు అటూ ఇటూ చూసి, సంగతి అర్థమయ్యాక విరగబడి నవ్వడం మొదలెట్టింది.

తర్వాత నవ్వు ఆపుకుని, ఒడ్డున ఎత్తుగా ఉన్న బండ ఎక్కి నిలబడింది. రెండు చేతులూ పైకెత్తి ఊపింది. అవతలి కళ్ళన్నీ ఆమె మీద పడ్డాయి.

"దుంగలు. పొడుగువి రెండు. తీసుకురండి" అని చేతులు అన్నాయి.

అవతల అబ్బాయిలు వెంటనే కదిలారు. మౌనం గంటల్లో నేర్చుకున్నవాళ్ళు గదా! కదలనిది ఒక్క జుట్టుగాడే. పక్కవాడి భుజం తట్టి, "ఏమంటోంది? ఏమంటోందిరా?" అని అడుక్కోవడం ఈ ఒడ్డు దాకా కనిపించింది. పక్కవాడు విడమరిచి చెబితే గానీ వాడికి పని తెలియలేదు.

"నీళ్ళలో మాత్రం ఎవరూ దిగడానికి వీల్లేదు" అన్నాడు పెద్దసారు. టీచరమ్మ ఎడం చేత్తో ఆ ఒక్క మాటా స్పష్టంగా అందించింది. గోల తలూపింది. రాయి కట్టి తాడు విసిరించింది. అవతలివాళ్ళు దుంగ చివరకి దాన్ని ముడేశారు. అటు పైకెత్తాలి, ఇటు మెల్లగా లాగాలి, దిమ్మ మీదుగా జరగాలి. "ఎత్తు. ఆగు. కొంచెం. ఇంకొంచెం. కిందికి." చిన్నప్పటి నుంచీ నాన్న షెడ్డులో దుంగలు మొయ్యడం చూసిన పిల్ల. ఆమె చేతులు కదిలినట్టల్లా రెండు ఒడ్లూ కదిలాయి. మొదటి దుంగ దిమ్మల మీద కుదురుకుంది.

రెండోది సగం దాకా వచ్చింది. ఇటు తాడు పట్టుకున్నవాళ్ళకి ఏదో చెప్పడానికి గోల వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే అవతల ఒకడి కాలు జారింది. దుంగ పక్కకి ఒరిగింది. దాని కింద జుట్టుగాడి భుజం ఉంది. అవతల అందరూ చేతులెత్తి "ఆపు, ఆపు" అంటున్నారు. ఇటు తాడు పట్టుకున్నవాళ్ళు మాత్రం గోల మొహం చూస్తూ లాగుతూనే ఉన్నారు. గోల వీపు వాగు వైపుంది.

చూసింది వాగుడుకాయ. అలవాటు కొద్దీ గొంతు చించుకుని అరిచింది. ఆ హోరులో తాడు పట్టుకున్నవాళ్ళకే అందలేదు, గోలకేం అందుతుంది! అరిచాక బుద్ధొచ్చింది. కాలి చెప్పు తీసి గురిచూసి విసిరింది. అది గోల నడుం మీద ఫట్టుమని తగిలింది. గోల కళ్ళెర్రజేసి ఇటు తిరగబోయింది. వాగుడుకాయ రెండు చేతులూ వాగు వైపే చూపిస్తున్నాయి. గోల గిర్రున తిరిగి, రెండు చేతులూ అడ్డంగా చాపింది. ఆపు. తాడు ఆగింది. అవతల నలుగురు పరుగెత్తుకొచ్చి దుంగకి భుజం పట్టారు. జుట్టుగాడు కిందనుంచి జారి బయటపడ్డాడు. చొక్కా చిరిగింది, భుజం గీరుకుపోయింది, అంతే.

గోల బండ దిగి, చెప్పు తీసి వాగుడుకాయ చేతిలో పెట్టి, ఆమె రెక్క పట్టుకుని తన ఎదురుగా నిలబెట్టింది.

"నా వీపుకి కళ్ళు లేవు. నేను ఇటు తిరిగినప్పుడల్లా అటు జరిగేది నువ్వు చెప్పు. చేత్తో చెప్పు, చెప్పుతో కాదు."

ఎండెక్కేసరికి దుంగల మీద చెక్కలు పరిచి, తాళ్ళతో బిగించేశారు. మొదట పెద్దసారే దాటాడు. "మునిగితే ముసలాణ్ణి, నేను మునగాలి" అంటూ మధ్యలో నిలబడి రెండు గెంతులు గెంతాడు. వంతెన చెక్కుచెదరలేదు. అటు చేరగానే చేతులెత్తి చప్పట్లు కొట్టాడు. ఇవతలి పిల్లలూ కొట్టారు. ఈసారి గోల ఎందుకని అడగలేదు. తల వంచి, దర్జాగా అందుకుంది.

టిఫిన్ పళ్ళేలు పట్టుకుని కూర్చున్నాక జుట్టుగాడు వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. ఎవరి దగ్గరో అప్పుడే నేర్చుకొచ్చిన సైగ ఒకటి, మొహం ఎర్రగా చేసుకుని, జాగ్రత్తగా చేశాడు. క్షమించమని అడగబోయి, ఆకలేస్తోందని చెప్పాడు.

గోల తన పళ్ళెం వాడి వైపు జరిపింది. "తిను."

వాడు అయోమయంగా చుట్టూ చూశాడు. బల్లంతా నవ్వుతోంది. గోల వాడి చెయ్యి పట్టుకుని, వేళ్ళు సరిచేసి, అసలు సైగ చూపించింది. వాడు మళ్ళీ చేశాడు. ఈసారి సరిగ్గా వచ్చింది.

ముగింపు రోజు వచ్చేసింది. వంతెనకి పోగా మిగిలిన చెక్కలతో పెద్ద హాల్లో వేదిక కట్టారు. ఆ రోజు పిల్లల ఇళ్ళవాళ్ళు వస్తారు, వచ్చే ఏటి శిబిరానికి నాయకుణ్ణి పిల్లలే ఎన్నుకుంటారు. ఎన్నుకునే పద్ధతి పెద్దసారు పెట్టిందే. పోటీలో ఉన్నవాళ్ళ పేరు ఒక్కొక్కటే పిలుస్తాడు. పిల్లలు అరుస్తారు. ఎవరి పేరుకి ఎక్కువ అరుపులు పడితే వాళ్ళే నాయకులు. మొహాలు చూస్తే పక్షపాతం వస్తుందని ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని వింటాడు.

పోటీలో ఎవరున్నారని అడిగితే జుట్టుగాడితో పాటు గోల కూడా చెయ్యెత్తింది. పెద్దసారు టీచరమ్మని పక్కకి పిలిచాడు. "వద్దని కాదమ్మా. కానీ నాయకురాలంటే ఇంతమందికి మాట వినపడాలి కదా."

ఆయన పెదాలు గోల చూడనే చూసింది. "వాగు ఒడ్డున ఎవరి మాట వినపడింది సార్?"

పెద్దసారు పక్కకి తప్పుకుని, "వెళ్ళు, వేదికెక్కు" అన్నాడు.

ఆమె ప్రసంగాన్ని పైకి చెప్పే పని నాకంటే నాకని వాగుడుకాయ పట్టుబట్టి సంపాదించింది. గోల ఒక మాట చేస్తే ఆ పిల్ల నోరు అరగంట ఆడుతోంది. గోల అనుమానంగా టీచరమ్మ వంక చూసింది. టీచరమ్మ కళ్ళతోనే, ఫరవాలేదు, ఉప్పూ కారం కలుపుతోంది అంతే, అన్నట్టు నవ్వింది.

గోల చెప్పింది తక్కువే. "మొదటి రోజు నాకు ఊరికే చప్పట్లు కొట్టారు. అవి మీవి మీకు తిరిగిచ్చేస్తున్నా. నాకు కోపం ఎక్కువ. పెత్తనం ఇంకా ఎక్కువ. మీరు చూశారు. నేను నాయకురాలినైతే మా బడి నుంచి రావాలనుకున్న వాళ్ళందరూ వస్తారు. విజిల్‌తో పాటు జెండా కూడా ఊపుతాం. నీడలో కుర్చీలు ఉండవు. ఎవర్నీ ఊరికే కూర్చోనివ్వను. నచ్చితే ఎన్నుకోండి, లేకపోతే మానెయ్యండి."

పెద్దసారు కళ్ళు మూసుకున్నాడు. జుట్టుగాడి పేరు పిలిచాడు. వాడి బడివాళ్ళ నోళ్ళు తెరుచుకున్నాయి, వేదిక చెక్కలు గోల అరికాళ్ళ కింద గజగజలాడాయి. గట్టి పోటీయే. తర్వాత ఆయన పెదాల మీద తన పేరు కదలడం గోల చూసింది.

అరికాళ్ళ కింద చెక్కలు కదల్లేదు. హాల్లో ఒక్క నోరూ తెరుచుకోలేదు.

వెనక వరసలో కూర్చున్న గోల వాళ్ళమ్మ ఆ నిశ్శబ్దం విని తల వంచేసుకుంది. తన బిడ్డకి ఒక్కళ్ళు, ఒక్కళ్ళయినా అరవలేదే అని ఆవిడ బాధ. నాన్న ఆవిణ్ణి మోచేత్తో పొడిచాడు. ఆవిడ తలెత్తలేదు. మళ్ళీ పొడిచాడు. ఆవిడ తలెత్తింది.

హాలంతా చేతులే. ఈ మూల నుంచి ఆ మూల దాకా, ప్రతివాళ్ళ రెండు చేతులూ తలల మీదికి లేచి, వేళ్ళు విప్పుకుని, గాలికి ఆకుల్లా అల్లల్లాడుతున్నాయి. సైగల్లో చప్పట్లంటే అవే. వాగుడుకాయ పొద్దున్నించీ గదిగదికీ తిరిగి చేసిన రాయబారమది. అన్నిటికంటే ఎత్తుగా ఊగుతున్న చేతులు జుట్టుగాడివి. వాడు పొడుగు గదా.

పెద్దసారు మాత్రం ఇంకా కళ్ళు గట్టిగా మూసుకుని, చెవులు రిక్కించి నిలబడి ఉన్నాడు. ఆయన మొహం నెమ్మదిగా వాడిపోతోంది. "ఏంట్రా, ఒక్కరూ లేరా?" అన్నాడు నొచ్చుకుంటూ. "ఆ పిల్ల మీకు వంతెన వేయించిందిరా! ఇంత విశ్వాసం లేకపోతే ఎలారా?"

"సార్" అంది టీచరమ్మ, నవ్వుతో గొంతు వణుకుతుంటే. "కళ్ళు తెరవండి."

ఆయన తెరిచాడు. చూశాడు. తర్వాత మెళ్ళోంచి విజిల్ తీసి జేబులో వేసుకుని, తన రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి, అందరికంటే గట్టిగా ఊపాడు.

గోల ఏడవలేదు. వేదిక మీద గెంతింది, గట్టిగా, రెండు కాళ్ళతో. ఆ చెక్కల మోత హాలు దాటి వంటశాల దాకా వినపడిందట. వంటవాళ్ళు గరిటెలతో బయటికొచ్చారు.

బయట చెట్టుకింద వాళ్ళమ్మ చుట్టూ పిల్లలు మూగారు. వచ్చీరాని సైగలతో, "మీ అమ్మాయి మా పెద్ద" అని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆవిడకి చెప్పారు. ఆవిడకి బాగా వినపడుతుందన్న సంగతి వాళ్ళకి గుర్తుకే రాలేదు. ఆవిడా గుర్తు చెయ్యలేదు. ప్రతివాళ్ళకీ చేతులతోనే జవాబిచ్చింది.

మరుసటి ఏడు ఆ బడి నుంచి బస్సు నిండా పిల్లలు వచ్చారు. గోల కోపం, పెత్తనం రెండూ ముందే చెప్పినట్టు ఎక్కువే. చాలామందితో పేచీ పెట్టుకుంది, చాలామందితో రాజీ పడింది. కొత్తగా వచ్చిన పిల్లల్లో మాట తడబడే అబ్బాయి ఒకడుంటే, వాడికి సైగలు దొరికాక వాడంత వాగేవాడు ఇంకోడు లేకపోయాడు. పెద్దసారు జెండా ఊపడం నేర్చుకున్నాడు గానీ, ఊపేటప్పుడు బుగ్గలు పూరించడం మానలేకపోయాడు.

అది జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు వీధి చివర రేకుల షెడ్డు గోలది. తలుపులూ కిటికీలూ చేస్తుంది, ఇద్దరు పనివాళ్ళున్నారు. వాళ్ళ నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని వంకలు పెడుతుంటాడు. వాగుడుకాయ ఆస్పత్రుల్లో, కోర్టుల్లో వినపడనివాళ్ళ మాట వినపడేవాళ్ళకి చెప్పే ఉద్యోగం చేస్తోంది. నోటితోనూ చేతులతోనూ రోజంతా వాగినందుకు జీతమిచ్చే ఉద్యోగం లోకంలో తనకొక్కదానికే దొరికిందని ఆమె గర్వం. పెద్దసారు వయసు మీదపడి శిబిరం పగ్గాలు వదిలేసినప్పుడు, ఎవరికివ్వాలా అని ఆలోచించడానికి సభేమీ పెట్టలేదు. తాళాల గుత్తి తీసుకెళ్ళి గోల పని బల్ల మీద పడేసి, టీ తాగి వెళ్ళిపోయాడు.

సెలవులొస్తే గోల షెడ్డు మూసేస్తుంది. ఈ ఏడు శిబిరం మొదలైన రోజు పొద్దున, బస్సులు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడి ఉంది. పిల్లలు బిలబిలమని దిగారు. అందరికంటే ఆఖర్న ఒకమ్మాయి, పెట్టె ఈడ్చుకుంటూ, మొహం ముటముటలాడించుకుంటూ దిగింది. ఎవర్నీ లెక్కచెయ్యకుండా గోల ముందుకొచ్చి నిలబడి, చేతులు విసురుగా తిప్పుతూ అడిగింది.

"ఇక్కడ పెద్ద ఎవరు?"

"నేనే."

ఆ పిల్ల ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. "మా బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇవ్వలేదు. దీనికి ఎవరు జవాబు చెప్తారు?"

గోల ఆ పెట్టె అందుకుంది. "రా. టిఫిన్ తింటూ మాట్లాడుకుందాం" అంది ఖాళీగా ఉన్న చేత్తో, భుజంతో గేటు నెడుతూ.